రక్తపరీక్ష రిపోర్టు చదవడం – 5వ పాఠం: హెచ్‌ఐవీకి మందు పడకపోతే సీడీ4, వైరస్ గీతలు ఎటు పోతాయి?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. హెచ్‌ఐవీ వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉన్న వైరస్ లెక్క, 40,000 నుంచి 55,000 అయితే పెరిగినట్టా? కాదు. మూడింతలకు తక్కువ తేడా వస్తే దాన్ని పరీక్షలో మామూలుగా ఉండే ఊగిసలాట కిందే లెక్కేసుకోవాలి. ‘పెరిగింది’ అని రాసినవాళ్లు నొచ్చుకోవద్దు, రోజూ రిపోర్టులు చూసేవాళ్లు కూడా ఇక్కడ తడబడుతుంటారు.

ఇవాళ ఒక గ్రాఫు కాగితం, నీలం పెన్ను, ఎర్ర పెన్ను కావాలి. చదివి వదిలేస్తే ఈ పాఠం అబ్బదు, గీయాల్సిందే. కింద అడ్డగీత మీద మొదటి సగంలో 12 వారాలు గుర్తు పెట్టండి. తర్వాత చిన్న ఖాళీ వదిలి, మిగతా సగంలో 1 నుంచి 12 ఏళ్లు వేయండి. ఎడమవైపు సీడీ4 (ఒంటికి కాపలా కాసే ఒక రకం తెల్ల రక్తకణాలు, హెచ్‌ఐవీ దాడి చేసేది వీటి మీదే) కోసం 0 నుంచి 1,200 దాకా అంకెలు వేయండి. కుడివైపు వైరల్ లోడ్ కోసం 100, 1,000, 10,000, లక్ష, పది లక్షలు. కుడివైపు ఒక్కో మెట్టూ కింది మెట్టుకు పదింతలని మర్చిపోవద్దు. నీలం సీడీ4, ఎరుపు వైరస్.

మొదటి వారం పది రోజులూ ఎర్ర పెన్ను ఎత్తే పని లేదు. వైరస్ లోపల, లింఫు గ్రంథుల్లో పాగా వేస్తోంది కానీ రక్తంలో ఇంకా దొరకదు. ఆ తర్వాత గీత నిటారుగా లేచి, మూడు నాలుగు వారాలకల్లా పది లక్షలు దాటినా దాటుతుంది. అదే సమయంలో నీలం గీతను 900 దగ్గర మొదలుపెట్టి 500 దాకా దించండి. జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడలో బిళ్లలు కట్టడం, ఇవన్నీ ఈ శిఖరం దగ్గరే వస్తాయి. ఫ్లూ అనుకుంటారు, వారం రెండు వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి ఏమీ తెలియదు కూడా. యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు) ఇంకా తయారుకాలేదు గనుక వాటిని మాత్రమే వెతికే పరీక్ష ‘లేదు’ అని చెప్పే ప్రమాదం ఎక్కువ ఉన్నదీ, ఎదుటివారికి సోకించే అవకాశం ఎక్కువ ఉన్నదీ ఈ వారాల్లోనే.

ఇక్కడ మీ కాగితం చూపించని సంగతి ఒకటుంది. ఒంట్లోని లింఫోసైట్లలో (సీడీ4లు ఈ జాతి తెల్ల రక్తకణాలే) రక్తంలో తిరిగేవి నూటికి రెండు మాత్రమే. పేగుల గోడల్లో కాపలా ఉండే సీడీ4 కణాలు ఈ మొదటి వారాల్లోనే పెద్ద ఎత్తున తుడిచిపెట్టుకుపోతాయి. రిపోర్టులో 500 అని కనిపిస్తున్నా, లోపలి నష్టం అంతకంటే చాలా పెద్దది.

తర్వాత సీడీ8 అనే మరో రకం తెల్ల రక్తకణాలు రంగంలోకి దిగి, సోకిన కణాలను చంపడం మొదలుపెడతాయి. ఎర్ర గీత దిగివచ్చి, మూడు నుంచి ఆరు నెలల్లో ఒకచోట కుదురుకుంటుంది. అక్కడ ఒక సున్నా చుట్టండి. దీన్ని నిలకడ మట్టం అందాం. ఒకరికి ఇది 1,000 దగ్గర ఆగితే మరొకరికి లక్ష దగ్గర ఆగుతుంది. ఈ మట్టం ఎంత ఎత్తులో ఉంటే జబ్బు అంత త్వరగా ముదురుతుందని 1996లో తేలింది. నీలం గీత కొంత కోలుకుంటుంది గానీ పాత 900కి మాత్రం చేరదు.

ఇక సంవత్సరాలు. ఎరుపు దాదాపు చదునుగా సాగుతుంది. మనిషి మామూలుగా పని చేసుకుంటాడు. పాఠ్యపుస్తకాల్లో దీనికి ‘సుప్తావస్థ’ అని పేరు పెట్టారు. నాకు ఈ మాట అస్సలు గిట్టదు, ఎందుకంటే అక్కడ నిద్రపోయేవాళ్లెవరూ లేరు. 1995, 96లో కొందరు రోగులకు మందు ఇచ్చి వైరస్ ఎంత వేగంగా తగ్గుతోందో కొలిచారు. ఒంట్లో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడుతున్నాయని, రక్తంలో ఉన్నవాటిలో సగం ఆరు గంటల్లోనే పోతున్నాయని లెక్క తేలింది. పుట్టేవీ పోయేవీ సరిసమానం కాబట్టి గీత చదునుగా కనిపిస్తుంది. జోరుగా తిరిగే బొంగరం కదలనట్టే ఉంటుంది చూడండి, అదే ఇదీ.

నీలం గీత మాత్రం నెమ్మదిగా జారుతూనే ఉంటుంది, సగటున ఏటా 50 నుంచి 80 దాకా. లెక్క వేద్దాం. మొదట 650, ఏటా 60 తగ్గుదల. 200కి ఎప్పుడు చేరుతుంది? తగ్గాల్సింది 450, దాన్ని 60తో భాగిస్తే ఏడున్నర ఏళ్లు. అసలు రిపోర్టుల్లో ఇంత నున్నటి గీత రాదు. జలుబు చేసినా, రక్తం పొద్దున కాక సాయంత్రం తీసినా అంకె మారుతుంది. అందుకే రెండు చుక్కలు కలిపి జోస్యం చెప్పకండి, కనీసం మూడు ఉండాలి.

200 దగ్గర అడ్డంగా ఒక చుక్కల గీత వేయండి. సీడీ4 దీని కిందికి దిగితే ఎయిడ్స్ దశ అంటారు. సోకిన నాటి నుంచి ఇక్కడికి రావడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. కొందరు రెండు మూడేళ్లలోనే వస్తారు, నూటికి ఒక్కరికన్నా తక్కువ మందిలో వైరస్ దానంతటదే అణిగి ఉంటుంది. 500 కిందికి దిగాక సర్పి, నోటిపూత మొదలవుతాయి. క్షయ మాత్రం అంకె చూసి రాదు, ఎప్పుడైనా రావచ్చు. 200 దిగితే న్యుమోసిస్టిస్ న్యుమోనియా అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురికి వచ్చిందని 1981 జూన్‌లో బయటపడి వైద్యులను కలవరపెట్టింది ఇదే. 100 దిగితే మెదడు పొరలకు క్రిప్టోకోకస్ బూజు, 50 దిగితే కంటి రెటీనాను తినేసే సైటోమెగలో వైరస్. ఈ దశలో ఎర్ర గీత మళ్లీ పైకి ఎక్కుతుంది. మందు లేకుండా ఎయిడ్స్ దశకు చేరినవాళ్లు ఆ తర్వాత బతికేది సుమారు మూడేళ్లు.

ఇదంతా మందు పడని ఒంటి బొమ్మ. ఇప్పుడు సీడీ4 ఎంత ఉన్నా, హెచ్‌ఐవీ ఉందని తేలగానే మందు మొదలుపెడతారు. అప్పుడు ఎర్ర గీతకు ఏమవుతుందో వచ్చే పాఠంలో ఇదే కాగితం మీద గీద్దాం, దాచిపెట్టుకోండి.

అంతలోపు ఒక లెక్క. ఒకరికి సీడీ4 620, వైరల్ లోడ్ 1,50,000. మరొకరికి సీడీ4 430, వైరల్ లోడ్ 2,000. ఇద్దరికీ మందు లేదు. ముందు 200కి చేరే అవకాశం ఎవరికి ఎక్కువ? మొదటివారా రెండోవారా అని రాస్తే చాలదు, ఏ గీత చూసి చెప్పారో కూడా రాయండి.