ఒక్క పాట పేరు తెచ్చాక జానపద రాక్ బృందం చేయవలసిన పనులు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో గిటారు పక్కన జముకు (చర్మమూ తీగా ఉన్న జానపద వాద్యం) పెట్టుకుని పాడే బృందానికి ఒక పాట ఊరూరా మోగిపోతే, ముందుగా చేయవలసింది రెండో పాట కట్టడం కాదు, మొదటి పాట కాగితాలు సరిచూసుకోవడం. పదాలు ఎవరివో, వరస ఎవరిదో, పాత వరసైతే దానిని ఎవరి నోట విన్నారో రాసుకుని అందరూ సంతకాలు చేయాలి. డబ్బు రాకముందు పది నిమిషాల్లో తేలే ఈ సంగతి, వచ్చాక ఏళ్ల తరబడి తేలదు.

హక్కులు రాసిచ్చే ఒప్పందంలో గడువు లేకపోతే కాపీరైట్ చట్టం దానిని 5 ఏళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే పరిమితమైనదిగా లెక్కిస్తుంది. కాబట్టి ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అనే మాటలు కనిపించిన చోట సంతకం ఆపాలి. సినిమావారు పాట తీసుకున్నా, సినిమాహాలు ప్రదర్శన కాక ఇతర వాడకాలపై వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ ఉన్న సమాన వాటాను వదులుకునే ఒప్పందం చెల్లదని 2012 సవరణ చెబుతోంది. ఆ సొమ్ము అందాలంటే వారిద్దరూ, పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరడం మేలు.

అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. పేరొచ్చిన పాట ఐదు నిమిషాలు. పిలిచినవారికి కావలసింది గంటన్నర. అదే పాటకు నకళ్లు కట్టి ఆ గంటన్నర నింపాలనుకోవడం, నా దృష్టిలో, అన్నిటికన్నా పెద్ద పొరపాటు. జముకుల కథ చెప్పే పెద్దల దగ్గర, గుండెకు తప్పెట కట్టుకుని ఆడిపాడే తప్పెటగుళ్ల దళాల దగ్గర కూర్చుని వినాలి. నేర్పినవారికి పేరూ పారితోషికమూ రెండూ ఇవ్వాలి. ఉత్తరాంధ్ర ప్రజాకవి వంగపండు ప్రసాదరావు ఈ నేల యాసనే రాష్ట్రమంతటి చేత పాడించారు కనుక, పట్నం శ్రోతల కోసం యాసను చదును చేయనక్కరలేదు. వాద్యాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం: జముకు నాదమూ బేస్ గిటారు నాదమూ ఒకదానినొకటి మింగేస్తాయి గనుక, జముకు మాట్లాడే చోట బేస్ మౌనంగా ఉండాలి. తేమకు చర్మం వదులై శ్రుతి దిగుతుంది; ఆ రోజు జముకు ఎక్కడ నిలిస్తే గిటారును అక్కడికే దించుకోవడం తేలిక.

పేరొచ్చిన పాట వెంటే పరుగెత్తనక్కరలేదనడానికి ఒక ఉదాహరణ: అమెరికాలో మిస్సోరికి చెందిన ఓజార్క్ మౌంటెన్ డేర్‌డెవిల్స్ బృందానికి పేరు తెచ్చి, 1975లో అక్కడి పాటల జాబితాలో 3వ స్థానం దాకా ఎక్కిన పాట వారి మామూలు ధోరణికి కాస్త దూరమైనది. అయినా వారు తమ పల్లె బాణీ కలిసిన కంట్రీ రాక్‌ను విడవకుండా దశాబ్దాల పాటు వేదికలెక్కారు.

ప్రదర్శనల క్యాలెండరును జాతరలను బట్టి వేసుకోవాలి. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, మాఘంలో అరసవల్లి రథసప్తమి ఎలాగూ ఉంటాయి. వాటి చుట్టుపక్కల రోజుల్లో ఊళ్ల నుంచి వచ్చే పిలుపులకు ముందే తేదీలు ఖాళీగా ఉంచుకోవాలి. ఆరుబయట మైకు రాత్రి 10 గంటలకు ఆగాలన్నది నిబంధన. ప్రత్యేక అనుమతి ఉన్న రోజుల్లో మాత్రమే అర్ధరాత్రి వరకు సాగుతుంది. ముఖ్య అతిథుల ప్రసంగాలు గంట ఆలస్యం చేయడం మామూలే కాబట్టి, జనం ఎదురుచూసే పాటను చివరికి దాచకుండా తొమ్మిదిన్నర లోపే పాడేయాలి.