వైజాగ్‌లో టెస్ట్ మ్యాచ్‌కి వెళ్తున్నారా? ఒక రోజు ఇలా గడపండి

ఐదు రోజులూ వెళ్ళక్కర్లేదు, ఒక్క రోజు సరిగ్గా ఎంచుకుంటే చాలు. నన్నడిగితే రెండోరోజో మూడోరోజో. మొదటిరోజు ఒక్కోసారి వికెట్టే పడదు, 2019లో దక్షిణాఫ్రికా మీద మన ఓపెనర్లు రోహిత్, మయాంక్ ఇద్దరూ ఆట ఆగేదాకా అవుటే కాలేదు. ఐదోరోజు టికెట్ ముందే కొనడమంటే లాటరీయే, 2024లో ఇంగ్లండ్‌తో మ్యాచ్ నాలుగోరోజే అయిపోయింది.

స్టేడియం ఊళ్ళో లేదు, పీఎం పాలెంలో హైవే పక్కన ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్ దగ్గర మధురవాడ వైపు వెళ్ళే బస్సెక్కితే హనుమంతవాక, ఎండాడ దాటాక దిగొచ్చు. మామూలుగా ఆట తొమ్మిదిన్నరకి మొదలవుతుంది కాబట్టి ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరుండండి, టిఫిన్ మాత్రం కడుపులో వేసుకునే వెళ్ళండి, ఎందుకంటే బాక్సులు, నీళ్ళ సీసాలు, పవర్ బ్యాంకులు చాలాసార్లు గేటు దగ్గరే ఆపేస్తారు. మా ఇంట్లోవాళ్ళు కట్టిచ్చిన పులిహోర ఒకసారి గేటు బయటే నిలబడి పొద్దున్నే తినాల్సొచ్చింది. టోపీ, చేతిరుమాలు మరచిపోకండి. సముద్రం దగ్గర కదా, ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ చంపుతుంది.

సీటు ఎంచుకునే వీలుంటే పడమటి వైపు తీసుకోండి. పొద్దున ఎండ మొహాన కొడుతుంది గానీ మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు మీ వెనక్కి పోతాడు. బంతి ఎటు తిరుగుతోందో చూడాలనుకుంటే మాత్రం బౌలర్ వెనక వైపు కూర్చోవాల్సిందే.

ఇక ఆట. టీవీలో బంతి వెంట కెమెరా పోతుంది, ఇక్కడ మీరు బంతిని వదిలేసి ఫీల్డర్లని చూడొచ్చు. బంతి పాతబడ్డాక గమనించండి: ఒక వైపే ప్యాంటుకి రుద్దుతూ ఉంటారు, రెండో వైపు తడి తగలకుండా, చెమట పట్టని చేతుల్లోంచే బౌలర్‌కి చేరేలా చూసుకుంటారు. రివర్స్ స్వింగ్ కోసం, అంటే పాత బంతి మామూలుగా వంగే వైపుకి కాకుండా ఎదురు వైపుకి గాలిలో వంగడం కోసం ఈ జాగ్రత్తంతా, అదీ మన ఉక్కలో!

అందుకే లంచ్ తర్వాత ఆట బోర్ కొడుతోందని లేవకండి. 2024లో ఆ ఇంగ్లండ్ మ్యాచ్ రెండోరోజు, టీ విరామానికి ముందు, బజ్జీల క్యూలో ఉన్నాను. ఒక్కసారిగా స్టేడియం అంతా అరిచింది, ప్లేటు పట్టుకుని పరిగెత్తేసరికి ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ వెనక్కి నడుస్తున్నాడు, స్టంపులు చెల్లాచెదురుగా పడున్నాయి. మన బుమ్రా యార్కర్, నేరుగా కాళ్ళ దగ్గర పడే బంతి. ఆ తర్వాత కదిలితే ఒట్టు, టీ అయ్యాక వాళ్ళ కెప్టెన్ స్టోక్స్ బౌల్డ్ అయి బ్యాట్ వదిలేసి చేతులు చాచేయడం మాత్రం కళ్ళారా చూశాను. ఏమైనా తెచ్చుకోవాలంటే ఓవర్ల మధ్యలో కాదు, డ్రింక్స్ బ్రేక్ అవ్వగానే పరిగెత్తండి.

ఆట నాలుగున్నరకి ముగుస్తుంది, ఆ రోజు వేయాల్సిన ఓవర్లు మిగిలితే ఇంకో అరగంట. జనం అంతా ఒక్కసారే హైవే మీదకొస్తారు, ఆటోవాళ్ళు నోటికొచ్చినంత చెప్తారు. ఆ తొక్కిసలాటలో పడకుండా రుషికొండ బీచ్‌కి వెళ్ళి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, మూరీ మిక్చర్ తింటూ కాసేపు కూర్చోండి, చీకటి పడ్డాక బస్సులో సీటు కూడా దొరుకుతుంది.