ఇసుక పాఠాలు – 5: తడి ఇసుకను ఎలా కొలవాలి

పోయిన పాఠంలో పాళ్ళు చెప్పాను: ముందు అంకె సిమెంటు, తర్వాతది ఇసుక, స్లాబ్‌లో మూడోది కంకర. గోడ ప్లాస్టరింగ్‌కు 1:6, సీలింగ్‌కు 1:4, స్లాబ్‌కు 1:1.5:3. పాళ్ళు అందరూ సరిగ్గానే పట్టుకున్నారు. అయినా పని మొదలుపెట్టినవాళ్ళ నుంచి మూడు మాటలు విన్నాను. ప్లాస్టరింగ్ ఆరగానే సాలెగూడులా సన్నటి పగుళ్ళు తేలాయని కొందరు, లెక్క వేసి తెచ్చిన సిమెంటు గోడలు పూర్తికాకముందే అయిపోయిందని కొందరు, నీళ్ళు కొలిచి పోసినా స్లాబ్ మాలు (కలిపిన సిమెంటు మిశ్రమం) జారిపోతోందని ఇంకొందరు. అందరినీ నేను తిరిగి అడిగింది ఒకటే: కొలిచినప్పుడు ఇసుక తడిగా ఉందా? దాదాపు అందరి దగ్గరా తడి ఇసుకే. కాబట్టి రోబో ఇసుక (రాయిని పిండి చేసి తయారుచేసే ఇసుక) పాఠం వచ్చేసారికి జరుపుతున్నాను. ఇది తేలకుండా ముందుకు పోవడం దండగ.

తడి ఇసుక ఉబ్బుతుంది. రేణువు చుట్టూ పలచటి నీటి పొర పట్టి, పక్క రేణువును దగ్గరకు రానివ్వదు. మధ్యలో ఖాళీలు పెరుగుతాయి. బరువులో 5 శాతం తేమ ఉంటే చాలు, ఇసుక ఘనపరిమాణం 20 నుంచి 30 శాతం దాకా పెరగవచ్చు. సన్న ఇసుక ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, దొడ్డు ఇసుక తక్కువ. నీళ్ళు ఇంకా పోస్తూ పూర్తిగా ముంచేస్తే ఆ పొరలు విడిపోయి, ఇసుక మళ్ళీ పొడి ఇసుకంత చోటులోకి దిగిపోతుంది. ఉబ్బు ఎంతో కొలిచే పరీక్ష మొత్తం ఈ గుణం మీదే నడుస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 50 కిలోల సిమెంటు బస్తా అంటే 35 లీటర్లు. 1:6కు 210 లీటర్ల పొడి ఇసుక కావాలి. మీ ఇసుక 25 శాతం ఉబ్బి ఉంటే, మీరు కొలిచిన 210 లీటర్లలో నిజంగా ఉన్నది 168 లీటర్లే. మీరు 1:6 అనుకుని కలిపింది 1:4.8 మాలు. సిమెంటు ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, పగుళ్ళు తేలుతాయి. నూరు బస్తాలతో అయ్యే పనికి దాదాపు నూట ఇరవై పడతాయి. పగుళ్ళకు ఒండ్రు ఎక్కువ కావడం, గోడ సరిగా తడపకపోవడం కూడా కారణాలే. ఒండ్రు సీసా పరీక్ష మూడో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను.

పరీక్షకు నిలువు గోడల డబ్బా కావాలి. పై మూత కోసేసిన 15 కిలోల నూనె డబ్బా సరిగ్గా సరిపోతుంది. తడి ఇసుకను నొక్కకుండా, తట్టకుండా వదులుగా పోసి, పైన సమం చేసి 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపండి. ఆ ఇసుకను శుభ్రంగా ఒక పట్టా మీద పోసి, డబ్బాలో సగానికి నీళ్ళు పట్టండి. ఇసుకను తిరిగి అందులో వేసి, కర్రతో బాగా కలిపి, తేరుకున్నాక సమం చేసి ఎత్తు కొలవండి. 16 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 20ని 16తో భాగిస్తే 1.25. అంటే ఉబ్బు 25 శాతం.

ఇక్కడే చాలామంది తప్పుతున్నారు. 4 సెంటీమీటర్లు తగ్గింది కదా అని 4ను 20తో భాగించి 20 శాతం అంటున్నారు. భాగించాల్సింది 16తో. మనకు కావలసింది పొడి ఇసుకకు ఎంత అదనంగా కొలవాలన్నది, కాబట్టి కింద ఉండాల్సింది మునిగిన ఎత్తే. 16 కాకుండా 15 వస్తే సరైన ఉబ్బు 33 శాతం, తప్పు లెక్కలో 25. 17 వస్తే సరైనది దాదాపు 18, తప్పు లెక్కలో 15. ఇసుక ఎంత ఎక్కువ ఉబ్బితే తేడా అంత పెరుగుతుంది. రెండో తప్పు పెయింట్ బకెట్. దాని అడుగు ఇరుకు, పైన వెడల్పు. ఎత్తు సగమైతే ఇసుక సగం కాదు, సగానికంటే తక్కువ. పెయింట్ బకెట్‌లో చేసిన పరీక్షలన్నీ కొట్టేసి మళ్ళీ చేయండి. మూడోది, డబ్బా నింపేటప్పుడు మేస్త్రీ అలవాటుగా రెండు దెబ్బలు వేస్తాడు. ఇసుక కుదురుకుని ఉబ్బు తక్కువ చూపిస్తుంది. ఆ చెయ్యి ఆపండి.

తట్టల లెక్క నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. పొడి ఇసుక తట్టలోంచి జారిపోతుంది, తడి ఇసుక గోపురంలా నిలబడుతుంది. ఒకే తట్ట, ఒకే మనిషి, అయినా పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం ఇంకో కొలత. సిమెంటు బస్తాకు సరిపోయే పెట్టె 40 × 35 × 25 సెంటీమీటర్లు. నేను ఇసుకకు విడిగా ఇంకో పెట్టె చేయిస్తాను. 40 × 35 అదే, ఎత్తు మాత్రం 35, అడుగు ఉండదు, రెండు వైపులా పిడులు. లోపల 25 దగ్గర పొడి గీత, 30 దగ్గర 20 శాతం గీత, 31 దాటాక 25 శాతం గీత, 32.5 దగ్గర 30 శాతం గీత. పొద్దున పరీక్ష చేసి ఆ రోజు గీత ఏదో కూలీలకు చూపిస్తే చాలు, ఇక ఎవరూ లెక్కలు వేయనక్కర్లేదు. 1:6కు పెట్టెల సంఖ్య ఎప్పుడూ ఆరే. పెట్టెను మాలు కలిపే చోటే పెట్టి, గీత వరకు నింపి, పైకి లాగేయండి.

స్లాబ్ మాలు జారిన సంగతి. 1:1.5:3లో బస్తాకు ఇసుక 52.5 లీటర్లు, సుమారు 79 కిలోలు. 5 శాతం తేమ అంటే 4 లీటర్ల నీళ్ళు ఇసుకలోనే ఉన్నాయి. ఎం20 నామినల్ మిక్స్‌కు (ఈ 1:1.5:3 పాళ్ళకే ఆ పేరు) కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్ళు పోయవద్దంటుంది. మిక్సర్‌లో మీరు విడిగా పోయాల్సింది 26 మాత్రమే. కంకర కూడా తడిసి ఉంటే ఇంకా తక్కువ. మాలు గట్టిగా ఉంది, ఇంకో మగ్గు పోద్దాం అని ఎవరన్నా ఒప్పుకోకండి. స్లాబ్ బలం ఆ మగ్గు దగ్గరే పోతుంది.

కొనేటప్పుడు కూడా ఇదే. ట్రాక్టర్ ట్రక్కు లెక్కన కొంటే వాన తర్వాత వచ్చిన లోడులో ఇసుక తక్కువ, ఖాళీ ఎక్కువ. టన్నుల్లో కొంటే నష్టం తేమ బరువు వరకే. నేను టన్నుల్లోనే కొనమంటాను. ఇంటి దగ్గర కుప్ప మీద బరకం కప్పండి. రోబో ఇసుక కడిగి పంపితే అదీ ఉబ్బుతుంది, పరీక్ష దానికీ ఇదే. క్రషర్ డస్ట్‌ను (కంకర కొట్టగా మిగిలే పొడిని) రోబో ఇసుక పేరుతో అంటగడితే మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు, వెనక్కి పంపండి.

ఈసారి అభ్యాసం కాస్త శ్రమతో కూడుకున్నది, పూర్తిగా చేయండి. మీ కుప్పలో పైనుంచి, లోపల నడుమ నుంచి, అడుగు నుంచి ఇసుక తీసి విడివిడిగా పరీక్షించండి. పొద్దున ఎనిమిదికి ఒకసారి, ఎండ ముదిరాక ఇంకోసారి. మొత్తం ఆరు అంకెలు వస్తాయి. ఆ ఆరింటికీ 1:6, 1:4 పాళ్ళలో బస్తాకు ఎన్ని లీటర్ల తడి ఇసుక కొలవాలో వేయండి. తర్వాత ఈ లెక్క: 20 సెంటీమీటర్ల తడి ఇసుక మునిగాక 16.5కు దిగింది. సీలింగ్‌కు 1:4 కావాలి. మామూలు 35 లీటర్ల పెట్టెతో కొలిస్తే బస్తాకు ఎన్ని పెట్టెలు? జవాబు 4.85కు దగ్గరగా రావాలి. 4.7 వస్తే మీరు ఇంకా 20తోనే భాగిస్తున్నారు.