విదేశీ ప్రయాణంలో మొబైల్ డేటా: బిల్లు పేలకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

విమానం దిగాక ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చాలామందికి చేతి చమురు వదులుతుంది. ఆ కాస్త వ్యవధిలో మెయిల్ సింక్ అవుతుంది, ఫొటోల బ్యాకప్ మొదలవుతుంది, వాట్సాప్ గ్రూపుల్లో ఆగి ఉన్న వీడియోలన్నీ ఒక్కసారిగా దిగుతాయి. ప్యాక్ లేని సిమ్‌లో డేటా రోమింగ్ (విదేశీ నెట్‌వర్క్ మీద డేటా వాడనిచ్చే స్విచ్) ఆన్‌లో ఉంటే ఇదంతా ఎంబీల లెక్కన బిల్లెక్కుతుంది. మీరు ఫోన్ ముట్టుకోనక్కర్లేదు. అందుకే చవక ప్లాన్ వెతకడం రెండో పని. పాత సిమ్, అంటే సొంత దేశంలో వాడే సిమ్, నోరు కట్టడం మొదటి పని. ఆ రెండూ ఇంట్లో వైఫై ఉండగానే అయిపోవాలి.

పాత సిమ్‌ను ఏం చేయాలి

తీసి పక్కన పెట్టకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. లైన్ ఆన్‌లోనే ఉంచి, డేటా రోమింగ్ ఒక్కటే ఆఫ్ చేయండి. రెండు సిమ్‌ల ఫోన్లలో ఈ స్విచ్ ఏ సిమ్‌కు ఆ సిమ్‌కు విడిగా ఉంటుంది. ఒకదానికి ఆపి రెండోదానికీ ఆపేశానని అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మొబైల్ డేటాలోకి వెళ్లి ఆ లైన్ పేరు నొక్కితే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ లేదా కనెక్షన్స్ విభాగంలో సిమ్ పేరు కింద ఉంటుంది.

ఇంకో స్విచ్ ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. ఐఫోన్‌లో ‘అలో మొబైల్ డేటా స్విచింగ్’, ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘ఆటో డేటా స్విచింగ్’ లాంటి పేరుతో ఉంటుంది. ప్రయాణానికి తీసుకున్న కొత్త సిమ్‌కు సిగ్నల్ తగ్గగానే ఫోన్ తనంతట తాను పాత సిమ్ డేటాకు మారడం దీని పని. సొంత ఊళ్లో అది మేలే. విదేశంలో, పాత సిమ్‌కు రోమింగ్ కూడా ఆన్‌లో ఉంటే, మెట్రో సొరంగంలో సిగ్నల్ పోయిన ప్రతిసారీ బిల్లు మొదలవుతుంది. ఆపేయండి.

ఓటీపీలు రావాలంటే మీ ఆపరేటర్ దగ్గర ఇంటర్నేషనల్ రోమింగ్ సేవ యాక్టివ్‌గా ఉండాలి. దీనికీ డేటా ప్యాక్‌కూ సంబంధం లేదు. చాలాచోట్ల ఈ సేవ మొదట్లో ఆపి ఉంటుంది, దేశం దాటాక ఆన్ చేయించుకోవడం తలనొప్పి. ప్రీపెయిడ్ అయితే తిరిగొచ్చే తేదీ దాకా వ్యాలిడిటీ ఉందో లేదో చూసుకోండి. ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్ చాలా ఆపరేటర్ల దగ్గర ఉచితం, ఇన్‌కమింగ్ కాల్ మాత్రం ఎత్తితే డబ్బు. ఎత్తకపోయినా ఒక చిక్కుంది. వాయిస్‌మెయిల్ పెట్టుకుని ఉంటే, విదేశం దాకా వచ్చిన కాల్ తిరిగి సొంత దేశపు వాయిస్‌మెయిల్‌కు మళ్లుతుంది. రానూ పోనూ రెండు అంతర్జాతీయ కాల్స్‌గా లెక్కగట్టే ఆపరేటర్లు ఉన్నారు. బయలుదేరేముందు ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి.

వీలున్న ఖాతాలన్నిటికీ ఓటీపీ ఎస్సెమ్మెస్ బదులు ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే యాప్) పెట్టుకుంటే సగం బెంగ తీరుతుంది.

మీ ఫోన్ ఆ దేశంలో పనికొస్తుందా

డయలర్‌లో *#06# కొట్టండి. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే పొడుగాటి నంబరు కనిపిస్తే మీ ఫోన్‌లో ఈ-సిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుండా నెట్ ద్వారా ఫోన్‌లో ఎక్కించుకునే సిమ్) సౌకర్యం ఉన్నట్టే. ఐఫోన్లలో ఇది 2018 నాటి ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ మోడళ్లతో మొదలైంది. ఒకే మోడల్ అయినా కొన్న దేశాన్ని బట్టి తేడా ఉంటుంది. చైనా ప్రధాన భూభాగం కోసం తయారైన ఐఫోన్లలో చాలావాటికి ఈ-సిమ్ ఉండదు, రెండు మామూలు సిమ్‌లు పడతాయి. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14 నుంచి పైవాటికి అసలు సిమ్ ట్రేనే లేదు. అలాంటి ఫోన్‌తో వెళ్లి కౌంటర్‌లో ప్లాస్టిక్ సిమ్ కొంటే జేబులో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

వాయిదాల మీద కొన్న ఫోన్ ఆపరేటర్‌కు లాక్ అయి ఉండొచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో ‘క్యారియర్ లాక్’ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉండాలి. ఆండ్రాయిడ్‌లో తేలికైన పరీక్ష: వేరే కంపెనీ సిమ్ ఒకటి అరువు తెచ్చి వేసి చూడటం. అన్‌లాక్‌కు రోజులు పట్టొచ్చు కాబట్టి ఇది ప్రయాణం ముందురోజు పెట్టుకునే పని కాదు.

పాత ఫోన్లకు ఇంకో గండం ఉంది. అమెరికాలో పెద్ద ఆపరేటర్లు 2022లో, ఆస్ట్రేలియాలో 2024లో 3జీ మూసేశారు. అక్కడ 4జీ మీదే కాల్స్ నడవాలి, అంటే ఫోన్‌కు ఆ నెట్‌వర్క్‌లో వోల్టీ (4జీ మీద కాల్ చేసే సౌకర్యం) పనిచేయాలి. అది లేకపోతే డేటా వస్తున్నా మామూలు కాల్ పోదు. అత్యవసర నంబర్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఏ దారి ఎవరికి

ఒకటి రెండు రోజుల పనికైతే సొంత ఆపరేటర్ రోమింగ్ ప్యాకే నయం. ఎంబీ లెక్కన ఖరీదెక్కువే గానీ ఏమీ మార్చక్కర్లేదు. తీసుకునేముందు ‘రోజు’ అంటే ఏమిటో అడగండి. కొందరికి మొదట వాడిన క్షణం నుంచి 24 గంటలు, కొందరికి సొంత దేశపు కాలమానంలో అర్ధరాత్రి దాకా. రెండో పద్ధతిలో సాయంత్రం దిగి రాత్రి నిద్రపోయేలోపు రెండు ‘రోజులు’ ఖర్చయిపోవచ్చు. ఆటోమేటిక్‌గా మొదలయ్యే రోజువారీ ప్యాక్ అయితే వెనకాల ఏదో యాప్ తాకిన కాసింత డేటాకే ఆ రోజు ఛార్జీ పూర్తిగా పడుతుంది.

మూడు రోజుల నుంచి రెండు వారాల ప్రయాణానికి ట్రావెల్ ఈ-సిమ్‌ను (ప్రయాణికుల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే ఈ-సిమ్‌ను) మించింది లేదని మా అభిప్రాయం. అంతకుమించి ఉంటే, లేదా స్థానిక నంబరు కావాలంటే, ఆ దేశపు లోకల్ సిమ్ కొనండి. జీబీ లెక్కన సాధారణంగా అదే అన్నిటికన్నా చవక. పాకెట్ వైఫై (అద్దెకిచ్చే చిన్న వైఫై పరికరం) నలుగురూ ఎప్పుడూ కలిసే తిరుగుతారంటేనే. ఒకరు విడిపోతే వాళ్లకు నెట్ లేదు, సాయంత్రానికి దాని బ్యాటరీ అయిపోతుంది, పోగొడితే డిపాజిట్ పోతుంది.

ఈ-సిమ్ కొనేటప్పుడు

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట పక్కనే ఉండే చిన్న అక్షరాలు చదవండి. రోజుకు 1 జీబీయో 2 జీబీయో దాటాక వేగం తగ్గిస్తారు. ఆ తగ్గిన వేగం 128 కేబీపీఎస్ అని ఉంటే, సెకనుకు 16 కిలోబైట్లు. ఒక ఎంబీకి నిమిషం పైన, 3 ఎంబీల ఫొటోకు మూడు నిమిషాలు దాటుతుంది. మ్యాప్ తెరుచుకునేలోగా మీరు ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోతుంది. 1 ఎంబీపీఎస్ అని ఉంటే మాత్రం మెసేజ్‌లు, మ్యాప్, వాయిస్ కాల్ నడిచిపోతాయి. నిజానికి ‘30 రోజులకు 10 జీబీ’ లాంటి ప్లాన్ చాలామందికి సరిపోతుంది, చవక కూడా.

ఇంకా చూడాల్సినవి: హాట్‌స్పాట్‌కు అనుమతి ఉందా, డేటా అయిపోతే అదే ప్రొఫైల్‌కు (ఫోన్‌లో ఎక్కిన ఆ ఈ-సిమ్‌కే) టాపప్ చేయొచ్చా, ఆ దేశంలో ఏ నెట్‌వర్క్‌లకు కలుస్తుంది. ఒకే ఆపరేటర్ పేరుంటే పల్లెలకో కొండలకో వెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి. రెండు మూడు పేర్లున్నది మేలు. వ్యాలిడిటీ ఎప్పటినుంచి మొదలవుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. కొన్నిటికి ఫోన్‌లో ఎక్కించిన రోజు నుంచే, కొన్నిటికి విదేశీ నెట్‌వర్క్‌కు మొదటిసారి కలిసినప్పటి నుంచి. రెండో రకమైతే వారం ముందే ఇంట్లో ఎక్కించేసుకోవచ్చు.

ఎక్కించడానికి ఇంటర్నెట్ కావాలి. అది మర్చిపోయి విమానాశ్రయంలో క్యూఆర్ కోడ్ తెరిచి నిలబడిపోయేవాళ్లు ఎందరో. ఆ కోడ్ అదే ఫోన్ తెరమీద ఉంటే కెమెరాతో స్కాన్ చేయలేరు కూడా. దాన్ని వేరే పరికరంలో తెరవండి, లేదా కోడ్‌తో పాటు ఇచ్చే సర్వర్ చిరునామా, యాక్టివేషన్ కోడ్ చేత్తో కొట్టండి. కోడ్ సాధారణంగా ఒక్కసారే పనిచేస్తుంది. నెట్ రావట్లేదన్న కోపంలో ప్రొఫైల్ డిలీట్ చేస్తే డబ్బూ పోతుంది.

చాలా ట్రావెల్ ఈ-సిమ్‌లు డేటాకే, వాటికి ఫోన్ నంబరు ఉండదు. పైగా అవి ఆ దేశంలో కూడా రోమింగ్‌లో ఉన్నట్టే లెక్క. కాబట్టి ఈ కొత్త లైన్‌కు డేటా రోమింగ్ తప్పనిసరిగా ఆన్ చేయాలి. పాతదానికి ఆఫ్, కొత్తదానికి ఆన్. సహాయ కేంద్రాలకు వచ్చే ‘నెట్ రావట్లేదు’ ఫిర్యాదుకు మొదటి మందు ఇదే. ట్రాఫిక్ మరో దేశంలోని గేట్‌వే (ఇంటర్నెట్‌కు కలిపే కేంద్రం) మీదుగా తిరిగి వస్తుంది గనక వీడియో కాల్‌లో మాట కాస్త ఆలస్యం కావచ్చు, వెబ్‌సైట్లు మీరు ఇంకెక్కడో ఉన్నట్టు అనుకుంటాయి. బ్యాంకు యాప్ అనుమానిస్తే హోటల్ వైఫైకి మారకండి, పాస్‌వర్డ్ లేని వైఫై అయితే మరీను. కాసేపటికి మళ్లీ మొబైల్ డేటా మీదే ప్రయత్నించండి.

లోకల్ సిమ్ కౌంటర్ దగ్గర

చాలా దేశాల్లో పాస్‌పోర్ట్ చూపి రిజిస్టర్ చేసుకోవాలి. అరైవల్స్ హాల్‌లోని కౌంటర్ల టూరిస్ట్ ప్యాక్‌ల కన్నా ఊళ్లోని ఆపరేటర్ సొంత దుకాణంలో సాధారణంగా చవక. అక్కడిదాకా వెళ్లడానికి ఒక జీబీ ఈ-సిమ్ చాలు. డబ్బిచ్చి వచ్చేయకుండా వైఫై ఆపి, బ్రౌజర్‌లో కొత్త పేజీ తెరుచుకున్నాకే కదలండి. సిమ్ ఉన్న ప్లాస్టిక్ కార్డు పారేయకండి. యూరప్ సిమ్‌లకు చాలావాటికి పిన్ ఉంటుంది, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే అడుగుతుంది, మూడుసార్లు తప్పు కొడితే లాక్. దాన్ని విప్పే 8 అంకెల పీయూకే కోడ్ ఆ కార్డు మీదే ఉంటుంది.

కొత్త సిమ్ వేశాక వాట్సాప్ ‘నంబరు మారుస్తారా’ అని అడిగితే పాతదే ఉంచండి.

దేశాన్ని బట్టి మెలికలు

యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్ అదనపు ఛార్జీలు లేవు. ఆ నియమాన్ని 2032 దాకా పొడిగించారు. ఫ్రాన్స్‌లో కొన్న సిమ్ జర్మనీలోనూ, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టెయిన్‌లోనూ అదే ధరకు నడుస్తుంది, అయితే ‘సముచిత వినియోగ’ పరిమితి (అదే ధరకు రోమింగ్‌లో ఇంతే వాడాలనే హద్దు) వేరుగా ఉండొచ్చు. స్విట్జర్లాండ్ ఇందులో లేదు, బ్రిటన్ ఇప్పుడు లేదు. జెనీవా పక్కన ఫ్రాన్స్ వైపు బస చేసినా ఫోన్ స్విస్ సిగ్నల్ పట్టేసుకోవచ్చు. సరిహద్దు ఊళ్లలో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి మీ ఆపరేటర్‌నే ఎంచుకోండి.

చైనాలో లోకల్ సిమ్ తీసుకుంటే గూగుల్, వాట్సాప్ రావు, హోటల్ వైఫైలోనూ అంతే. బయటి దేశపు సిమ్‌తో రోమింగ్‌లో ఉంటే ట్రాఫిక్ ఆ బయటి దేశం మీదుగా పోతుంది కాబట్టి సాధారణంగా వస్తాయి. అక్కడ చవక సిమ్ కన్నా రోమింగ్‌లో నడిచే ఈ-సిమ్ ఉపయోగం. టర్కీలో విదేశీ ఫోన్‌ను స్థానిక సిమ్‌తో వాడితే, రిజిస్టర్ చేయించకపోతే 120 రోజుల తర్వాత నెట్‌వర్క్ నుంచి తొలగిస్తారు. 2025లో అక్కడ పలు ఈ-సిమ్ అమ్మకందారుల సైట్లను అడ్డుకున్నారు, కాబట్టి దిగకముందే కొని ఎక్కించుకోండి.

ఓడల సంగతి వేరు. తీరం వదిలాక ఫోన్ ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు కలుస్తుంది, దేశాల ప్యాక్‌లేవీ దానికి వర్తించవు. విమానంలోని మొబైల్ నెట్‌వర్క్ కూడా అంతే. రెండు చోట్లా ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, కావాలంటే వైఫై విడిగా కొనుక్కోండి.

ఎన్ని జీబీలు కావాలి

మ్యాప్ దారి చూపడానికి గంటకు 5 నుంచి 10 ఎంబీ చాలు, శాటిలైట్ వ్యూ పెడితే ఎన్నో రెట్లు. వాట్సాప్ వాయిస్ కాల్ గంటకు ఇంచుమించు 20 నుంచి 40 ఎంబీ, వీడియో కాల్ 200 నుంచి 400. సినిమా మామూలు నాణ్యతలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు. పొట్టి వీడియోలు తోస్తూ కూర్చుంటే గంటలో 1 జీబీ కరిగిపోతుంది. వీడియోలు హోటల్ వైఫైకి వదిలేస్తే రోజుకు అర జీబీ లెక్కన కొనుక్కోవచ్చు.

ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఇస్తే ఈ లెక్కలన్నీ తారుమారు. అది వైఫై దొరికిందనుకుని అప్‌డేట్‌లు దించుకుంటుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ (డేటా పొదుపుగా వాడాల్సినది)గా, మ్యాక్‌లో ‘లో డేటా మోడ్’లో పెట్టండి. ఫోన్‌లో ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్‌లు, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ వైఫైకే పరిమితం చేయండి. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో ‘రోమింగ్‌లో ఉన్నప్పుడు’ అని వేరే వరుస ఉంటుంది, అందులో టిక్‌లన్నీ తీసేయండి. ఆఫ్‌లైన్ మ్యాప్‌లు, అనువాద యాప్‌లో ఆ భాష ప్యాక్, హోటల్ చిరునామా స్క్రీన్‌షాట్ ముందే దింపుకోండి.

దిగాక నెట్ రాకపోతే

ఈ వరుసలో చూడండి. మొబైల్ డేటాకు కొత్త లైనే ఎంచుకుని ఉందా? దానికి రోమింగ్ ఆన్‌లో ఉందా? ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి పెట్టి తీసి, రెండు నిమిషాలు ఆగండి. సిగ్నల్ గీతలు ఉండి నెట్ లేకపోతే తప్పు ఏపీఎన్‌లో (ఫోన్‌ను ఆపరేటర్ ఇంటర్నెట్‌కు కలిపే సెట్టింగ్‌లో) ఉండే అవకాశం ఎక్కువ. అమ్మినవాళ్లు మెయిల్‌లో ఇచ్చిన ఏపీఎన్‌ను అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. పాత ఆపరేటర్ పెట్టిన సెట్టింగ్‌ల ప్రొఫైల్ (పాత సిమ్ కాదు) లేదా వీపీఎన్ (ట్రాఫిక్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) అడ్డం పడుతుంటే తీసేయండి. గీతలే లేకపోతే ప్లాన్ వివరాల్లో ఉన్న నెట్‌వర్క్‌ను మాన్యువల్‌గా ఎంచుకోండి. ఇంటికి చేరాక దాన్ని మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చండి, లేకపోతే సొంత ఊళ్లోనే సిగ్నల్ లేదని ఫోన్ మొండికేస్తుంది.