ఇల్లు మారేటప్పుడు: విప్పే రోజును తలచుకుంటూ సర్దుకోవడం

కొన్నేళ్ల క్రితం మేము హైదరాబాదులోని కూకట్‌పల్లి నుంచి విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీకి మారాము. సామాను చేరిన రాత్రి పదకొండు గంటలకు మా అత్తగారి రక్తపోటు మాత్రలు కనిపించలేదు. 46 అట్టపెట్టెల్లో సగానికి పైగా వాటి మీద ‘ఇతరములు’ అన్న ఒక్క మాటే రాసి ఉంది. ఒక్కొక్కటే విప్పుకుంటూ పోగా, ఆ మాత్రలు చివరకు పుస్తకాల పెట్టెలో నిఘంటువు పక్కన దొరికాయి. అప్పటి నుంచి ఏ పెట్టె సర్దుతున్నా, అలసిన ఒంటితో, సరిగా వెలుతురు లేని గదిలో దానిని విప్పబోయే మనిషిని తలచుకుంటూ సర్దుతున్నాను. తరువాత అదే ఊళ్లో మరో ఇంటికి మారినప్పుడు ఈ అలవాటు మమ్మల్ని ఎంతో కాపాడింది.

మొదట తేదీ సంగతి తేల్చుకోవాలి. అద్దె ఒప్పందాలు సాధారణంగా పదకొండు నెలలకు రాసుకుంటారు. ఖాళీ చేసేముందు ఎన్నాళ్ల గడువుతో చెప్పాలో, అడ్వాన్సులో రంగులకు ఎంత మినహాయిస్తారో అందులోనే ఉంటుంది కనుక, ఇంటి యజమానితో మాట్లాడేముందు ఆ కాగితాన్ని మరొకసారి చదువుకోవాలి. నోటిమాటగా చెప్పినా, అదే విషయాన్ని తేదీతో సహా వాట్సాప్‌లో కూడా పంపితే తరువాత వాదనకు తావుండదు. ఆషాఢంలోను, పుష్యంలోను చాలామంది ఇల్లు మారరు. ఆ వెంటనే వచ్చే శ్రావణ, మాఘ మాసాల్లోని మంచిరోజులకు లారీలు, కూలీలు దొరకడం కష్టమవుతుంది. ముహూర్తం పట్టింపు ఉన్నవారు ఆ రోజున దేవుడి పటంతో వెళ్లి పాలు పొంగించుకుని, సామానును మరో రోజున, నెల మధ్యలో తరలించుకుంటే ఖర్చు, హడావిడి రెండూ తగ్గుతాయి.

నెల రోజుల ముందుగా అటక దించాలి. ఈ పనిని చివరి వారానికి వాయిదా వేయడమే మనలో చాలామంది చేసే పెద్ద పొరపాటు. అటక మీద ఉన్నవాటిలో ఎక్కువభాగం గత బదిలీలో కట్టిన మూట విప్పకుండానే ఉంటాయి. అటువంటి మూటను మళ్లీ 600 కిలోమీటర్లకు పైగా మోయించడానికి మనం డబ్బు చెల్లిస్తున్నామన్న సంగతి గుర్తుంటే, ఏది ఉంచుకోవాలో తేలికగా తేలుతుంది. పాత పత్రికలు, ఇనుప సామాను దుకాణానికి, పనికొచ్చే బట్టలు, పాత్రలు అవసరమున్నవారికి ఇచ్చేయవచ్చు. పాత చీరలు, పంచెలు, దుప్పట్లు మాత్రం ఇవ్వకండి. గాజు సామాను చుట్టడానికి వాటిని మించినవి లేవు. పెద్దల గుర్తుగా మిగిలిన వస్తువుల విషయంలో తొందరపడవద్దని నా మనవి. వాటికి ఒక పెట్టె కేటాయించి, నిర్ణయాన్ని కొత్త ఇంటికి వదిలేయడమే మంచిది.

సామాను చేరవేసే సంస్థతో ఫోనులో ధర మాట్లాడుకుని ఊరుకోకూడదు. వారి మనిషిని ఇంటికి పిలిపించి, అటకతోను, బాల్కనీతోను సహా అంతా చూపించి, లెక్క కాగితం మీద రాయించుకోవాలి. ప్యాకింగు, ఎక్కించడం, దింపడం, మంచాలు విప్పి బిగించడం, లిఫ్టు పనిచేయకపోతే మెట్ల మీద మోయడం, బీమా, వీటిలో ఏవి ఆ ధరలో కలిసి ఉన్నాయో స్పష్టంగా అడగాలి. లారీ మొత్తం మనదేనా, మరొకరి సామానుతో కలిపి పంపుతారా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. కలిపి పంపితే ధర తగ్గుతుంది కానీ, చేరే రోజు మన చేతిలో ఉండదు. వాడుకలో ఉన్న ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) అవసరం లేదు కనుక, ఆ పేరుతో అదనపు రుసుము అడిగితే ఒప్పుకోనక్కరలేదు. మొత్తం డబ్బును ముందే ఇవ్వకుండా, కొంత భాగం సామాను దిగాక ఇచ్చేటట్లు మాట్లాడుకోవాలి.

ఇక సర్దడం. ఒక నోటుపుస్తకం, లావు స్కెచ్ పెన్ను, మంచి టేపు ఉంటే చాలు. ప్రతి పెట్టెకు వరుస సంఖ్య ఇచ్చి, అది కొత్త ఇంట్లో ఏ గదికి వెళ్లాలో దాని పైభాగంతో పాటు రెండు పక్కలా రాయాలి. ఒకదానిమీద ఒకటి పేర్చాక పైన రాసింది కనిపించదు. లోపల ఏమున్నదీ పుస్తకంలో, ‘17 — వంటగది — కుక్కరు, పోపుల డబ్బా, పెనం, అట్లకాడ’ అన్నట్లు పేరుపేరునా రాసుకోవాలి. ఖరీదైన వస్తువుల పేర్లను పెట్టె మీద రాయకుండా పుస్తకంలోనే ఉంచాలి. పుస్తకాలను చిన్న పెట్టెల్లో సర్దాలి. పెద్దదాంట్లో నింపితే ఎత్తేటప్పుడు అడుగు ఊడిపోతుంది. మంచాలు, బల్లలు విప్పినప్పుడు వచ్చే బోల్టులను ఒక కవరులో వేసి, ఆ చెక్కకే టేపుతో అంటించాలి. అన్ని బోల్టులనూ ఒకే డబ్బాలో వేసి, కొత్త ఇంట్లో ఏది దేనిదో తెలియక, మొదటి రాత్రి నేలమీద పడుకున్న కుటుంబాలను నేనెరుగుదును. వాడకం తక్కువగా ఉన్న గది నుంచి మొదలుపెట్టి, వంటగదిని చివరకు ఉంచుకోవాలి.

వంటగది విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. పప్పులు, బియ్యం కొనడం మూడు వారాల ముందే తగ్గించి, ఉన్నవాటిని వాడేయాలి. ఊరగాయ జాడీలు ఎంత గట్టిగా మూతపెట్టినా, లారీ కుదుపులకు నూనె పైకి వస్తుంది. ఆవకాయను వెడల్పు మూతి జాడీలోంచి మరమూత ఉన్న సీసాల్లోకి మార్చి, మూతికి పాలిథీన్ కాగితం పరిచి బిగించి, ఒక్కొక్క సీసాను విడిగా సంచిలో పెట్టి, నిలువుగా ఉంచి, వీలైతే మనతోనే తీసుకెళ్లాలి. జాడీతోనే తీసుకెళ్లక తప్పకపోతే ముక్కలు తేలకుండా నొక్కి, పైనూనె కొంత తీసి, పొడి గుడ్డతో వాసెన కట్టి, ఆ మీద మూత పెట్టి టేపు చుట్టాలి. తీసిన నూనెను పారబోయవద్దు. చేరాక మళ్లీ పోయకపోతే పైముక్కలు బూజు పట్టిపోతాయి. ఖాళీ జాడీలను, గాజు పాత్రలను పెట్టెలో నిలువుగా సర్ది, మధ్యలో చేతి తువ్వాళ్లు కుక్కాలి. స్టీలు సామానుకు గోనెసంచి చాలు.

యంత్రాల్లో ఫ్రిజ్‌ను ఒకరోజు ముందే ఆపి, తలుపు తెరిచి, నీరంతా తుడిచి ఆరనివ్వాలి. దానిని నిలబెట్టే తరలించాలి. దింపిన తరువాత నాలుగైదు గంటలు ఆగి స్విచ్ వేయాలి. ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీనుకు, డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచే బోల్టులు కొన్ననాడు ఇస్తారు. చాలామంది వాటిని పారేస్తారు. ఆ బోల్టులను తిరిగి బిగించకుండా లారీ ఎక్కిస్తే దారిలో డ్రమ్ము దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏసీని విప్పేముందు మెకానిక్ చేత గ్యాసును బయటి యూనిట్‌లోకి పట్టించాలి. గీజరులోను, నీటి శుద్ధి యంత్రంలోను నీరు ఖాళీ చేయాలి. ఇన్వర్టరు బ్యాటరీ ఒరిగితే ఆమ్లం కారుతుంది కనుక, దానిని నిలువుగానే ఉంచమని లారీవారికి గట్టిగా చెప్పాలి.

వంటగ్యాసు సిలిండరును సామానుతో పాటు లారీలో పంపకూడదు. వేరే ఊరికి వెళ్తున్నప్పుడు సిలిండరును, రెగ్యులేటరును ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ తిరిగి తీసుకుని, టర్మినేషన్ వోచరు రాయించుకోవాలి. కొత్త ఊళ్లో కనెక్షన్‌కు అది అవసరమవుతుంది. అపార్టుమెంటు సంఘానికి ముందే తెలియజేసి, నిర్వహణ బకాయి లేదని కాగితం తీసుకుని, లిఫ్టు ఏ వేళల్లో ఇస్తారో కనుక్కోవాలి. నగరంలో పెద్ద లారీలకు పగటిపూట ఆంక్షలు ఉంటాయి కనుక, ఆ వేళలతో లారీ వచ్చే సమయం కుదురుతుందో లేదో చూసుకోవాలి.

మనతో ఉంచుకోవలసినవి రెండు సంచులు. మొదటిదాంట్లో నగలు, ఆస్తి పత్రాలు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు, పిల్లల టీసీలు, మందులు, వైద్య నివేదికలు ఉండాలి. ఇది ఎవరో ఒకరి ఒళ్లోనే ప్రయాణించాలి. రెండవది మొదటి రోజు సంచి. అందులో పాలగిన్నె, పంచదార, పసుపు కుంకుమలు, దీపం, అగ్గిపెట్టె, కత్తెర, చీపురు, మగ్గు, సబ్బు, రెండు బల్బులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఛార్జర్లు, ఒక్కో జత బట్టలు, నాలుగు పళ్లాలు, రెండు దుప్పట్లు పెట్టుకుంటే పెట్టెలేవీ తెరవకుండానే ఒక రాత్రి గడిచిపోతుంది.

బయలుదేరే రోజున గదులు ఖాళీ అయ్యాక గోడలు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు, కరెంటు మీటరు అంకెలను ఫొటోలు తీయాలి. కొత్త ఇంట్లో సామాను దిగకముందే ఇదే పని మళ్లీ చేయాలి. దింపేటప్పుడు ఒకరు గుమ్మం దగ్గర పుస్తకంతో నిలబడి సంఖ్యలు కొట్టివేస్తూ ఉండాలి, మరొకరు లోపల గదులు చూపించాలి. లెక్క సరిపోయేదాకా డ్రైవరు ఇచ్చే కాగితం మీద మనం సంతకం పెట్టకూడదు; ఏదైనా పగిలితే అదే కాగితం మీద రాసి సంతకం చేయాలి. ముందు మంచాలు బిగించి, తరువాత స్నానాలగది, వంటగది చూసుకుంటే మిగిలినవి ఆగుతాయి.

తరువాతి నెలలో చిరునామాలు మార్చుకోవాలి. ఓటు బదిలీకి ఫారం 8 ఇవ్వాలి. వాహనం ఉంటే, మోటారు వాహనాల చట్టం ప్రకారం చిరునామా మార్పును 30 రోజుల్లో తెలియజేయాలి. తెలంగాణ బండి ఆంధ్రప్రదేశ్‌లో పన్నెండు నెలలకు మించి ఉండబోతుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి కనుక, పాత ఆర్టీఏ (రవాణా శాఖ) కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) సంగతి హైదరాబాదులో ఉండగానే చూసుకోవడం మేలు. పాత పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసి ఇస్తే ఉత్తరాలు ఇక్కడికి మళ్లిస్తారు. పాత ఇంటి అడ్వాన్సు చేతికి వచ్చేదాకా ఆ నోటుపుస్తకాన్ని, ఆ ఫొటోలను భద్రంగా ఉంచండి.