యార్క్‌షర్‌కి కొత్తగా వచ్చారా? చిప్స్ దేంట్లో వేయించారో ముందు అడగండి

మొన్న ఆదివారం ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షర్ ప్రాంతపు లీడ్స్‌లో, మా ఇంటి దగ్గరి చిప్ షాపులో (వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు వేడిగా అమ్మే కొట్టు) వరసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరు మన పిల్లలు. యాసను బట్టి ఖమ్మం వైపువాళ్లు. వచ్చి పది రోజులైనట్టుంది, కొత్త జాకెట్ల మడతలు కూడా ఇంకా పోలేదు. "చేప నీకు, చిప్స్ నాకు. బంగాళాదుంపే కదా, మనకేం టెన్షన్" అంటున్నాడు వాళ్లలో శాకాహారి. ఉండబట్టలేక భుజం తట్టి విషయం చెప్పాను. పాపం, ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను. అప్పటికే ఆరు పొట్లాలు తిన్నాడట.

నేను ఆరుతో ఆగలేదు. సెప్టెంబర్‌లో దిగాను. గదిలో కుక్కర్ లేదు, ఉన్న ఒక్క పొయ్యికి నలుగురం. వారానికి మూడు రాత్రులు చిప్సే భోజనం. అలా రెండు నెలలు గడిచాక ఒకరోజు కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ అట్టపెట్టె విప్పి, ఇటుకంత తెల్లటి దిమ్మ తీసి వేడి మూకుట్లోకి జారవిడిచింది. అది అంచుల దగ్గర కరిగి, గుండ్రంగా తిరిగి, మాయమైంది. డాల్డా అనుకున్నాను. ఊరికే మాట కలపడానికి అదేంటని అడిగితే, "బీఫ్ డ్రిప్పింగ్, లవ్" అంది గర్వంగా, మనవాళ్లు "నేతిలో వేయించాం" అన్నంత గర్వంగా. అంటే గొడ్డుకొవ్వు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి ఏం తిన్నావురా అంటే పెరుగన్నం అన్నాను. ఇప్పటికీ అసలు సంగతి చెప్పలేదు.

బ్యాంకు అకౌంటు, సిమ్, జీపీ (ఊరి డాక్టరు) రిజిస్ట్రేషన్ గురించి మీకు చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు. అవి నేను చెప్పను. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. దక్షిణ ఇంగ్లండ్‌లో చిప్స్ ఎక్కువగా వంటనూనెలో వేయిస్తారు. యార్క్‌షర్‌లో పాత పద్ధతి గొడ్డుకొవ్వు. లండన్‌లో ఉన్న మీ కజిన్ "చిప్స్ వెజ్జేరా" అని చెప్పి ఉంటాడు. అక్కడ చాలామటుకు నిజమే కావచ్చు. ఇక్కడ కాదు. బీఫ్ తినేవాళ్లకు పేచీ లేదు, వాళ్లు ఈ పేరా వదిలేసి కిందికి వెళ్లిపోవచ్చు. రుచి బాగుంటుందని నేనే ఒప్పుకుంటాను, అదే కదా బాధ.

"గోడమీద అలర్జీల చార్టు ఉంటుందిగా అన్నా, చూసుకుంటాం" అంటారు. ఉంటుంది. అందులో చట్టం చెప్పిన 14 పదార్థాలే ఉంటాయి: పాలు, గుడ్డు, చేప, ఆవాలు, సెలరీ లాంటివి. గొడ్డుకొవ్వు ఆ జాబితాలో లేదు. చార్టు మొత్తం చదివి, ఏమీ లేదని నిశ్చింతగా తినేస్తారు. ప్యాకెట్లో అమ్మేవాటి మీదైతే పదార్థాలన్నీ రాసి ఉంటాయి. పొట్లం కట్టి ఇచ్చే చిప్స్‌కి నోటితో అడగడం ఒక్కటే దారి.

ఇది చిప్స్‌తో పోదు. ఆదివారం పబ్బులో ఇచ్చే యార్క్‌షర్ పుడ్డింగు పిండి, గుడ్డు, పాలు, అంతే. కానీ కాలుతున్న మాంసం కింద పెట్టి, కారే కొవ్వులో పొంగించడం దాని అసలు సంప్రదాయం. నవంబర్ 5న బాన్‌ఫైర్ నైట్‌కి ఓట్‌మీల్, అల్లం, ట్రీకిల్ (నల్లటి పంచదార పాకం) వేసి చేసే పార్కిన్ అనే కేకు మన నువ్వులుండలా నోటికి అతుక్కుంటుంది. పాత పద్ధతిలో చేసేవాళ్లు అందులో పందికొవ్వు వేస్తారు. క్రిస్మస్‌కి ఆఫీసులో మిన్స్ పై పెడతారు. పేరు చూసి కీమా అనుకుని మన పిల్లలు భయపడి పారిపోతారు. లోపల ఉండేది ఎండుద్రాక్షే. కానీ దాన్ని సూయెట్‌తో కలుపుతారు. సూయెట్ అంటే గొడ్డు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు. ఇప్పుడు చాలామంది వెజిటబుల్ సూయెట్ వాడుతున్నారు గనక, డబ్బా తిప్పి చూడండి. చూశారా, భయపడాల్సిన చోట ధీమాగా ఉంటాం, ధీమాగా ఉండాల్సిన చోట భయపడతాం.

అయితే ఏమీ తినకుండా ఇండియన్ స్టోర్ చుట్టూనే తిరగమంటారా అని అడక్కండి. అది కాదు నేను చెప్పేది. నాలుగేళ్లుగా ఇక్కడే ఉండి, ఊరి తిండి ఒక్కటీ ఎరగనివాళ్లను చూశాను. వాళ్లను చూస్తే ఇంకా చిరాకు.

రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క దగ్గర మొదలుపెట్టండి. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రోత్‌వెల్ ఊళ్ల మధ్య తొమ్మిది చదరపు మైళ్ల నేలను రూబార్బ్ ట్రయాంగిల్ అంటారు. లీడ్స్ నుంచి సిటీ బస్సులో పోవచ్చు. మొక్కను రెండేళ్లు కోయకుండా పొలంలో పెంచుతారు. మంచు తగిలాక దుంపలు తవ్వి, వెచ్చగా, కటిక చీకటిగా ఉండే షెడ్లలోకి మారుస్తారు. వెలుతురు లేక, దుంపలో దాచుకున్న బలమంతా కాడకే పోతుంది. జనవరి నుంచి మార్చి దాకా కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు. ఆ రోజుల్లో కొన్ని ఫార్ములు టికెట్ పెట్టి లోపలికి తీసుకెళ్లి చూపిస్తాయి. నేను ఒక ఫిబ్రవరిలో వెళ్లాను. మోకాలి ఎత్తు గులాబీ కాడలు, చివర నలిగిన కాగితంలా పసుపు ఆకు. అందరినీ మాట్లాడకుండా నిలబడమన్నారు. కాసేపటికి చీకట్లో ఎక్కడో టప్‌మని చప్పుడు, మళ్లీ ఇంకోచోట. మొగ్గలు విచ్చుకునే చప్పుడట. 2010 నుంచి యార్క్‌షర్ ఫోర్స్‌డ్ రూబార్బ్ అన్న పేరుకి చట్టరక్షణ ఉంది, మన తిరుపతి లడ్డూకి జీఐ ఉన్నట్టు.

మనకు ఇది ఎందుకంటే, పులుపు. గోంగూర, చుక్కకూర దొరక్క అల్లాడేవాళ్లకు ఇది వరం. కందిపప్పు ఉడికాక రూబార్బ్ ముక్కలు, పచ్చిమిరపకాయలు వేస్తే ఐదు నిమిషాల్లో కలిసిపోతుంది. చింతపండు అక్కర్లేదు. అయితే షెడ్డులో పెరిగిన గులాబీ కాడలను పప్పులో వేయకండి, దండగ. వాటిని పంచదారతో తినాలి. ఏప్రిల్ నుంచి బయట పొలంలో కాసేది చవక, పులుపూ ఎక్కువ. పచ్చడికీ పప్పుకీ అది పెట్టుకోండి. ఆకు మాత్రం ముట్టుకోవద్దు. రూబార్బ్, చుక్కకూర ఒకే కుటుంబం. అందుకే పెరటి తోటలో ఆ వెడల్పాటి ఆకు చూడగానే మనకు చెయ్యి ఊరుకోదు. అది విషం, ఉడికించినా పోదు. మా ఇంట్లో ఒకాయన కోసి, కడిగి, తాలింపు కూడా సిద్ధం చేశాక పక్కింటి ముసలాయన కిటికీలోంచి చూసి పరుగెత్తుకొచ్చాడు.

చీజ్ కోసం హాస్ వెళ్లండి, అసలైన వెన్స్లీడేల్ చీజ్ చేసే ఊరు. లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే రైలెక్కి గార్స్‌డేల్‌లో దిగితే ఆరు మైళ్లు. లిటిల్ వైట్ బస్ అని ఊరివాళ్లు నడిపే చిన్న బస్సుంది. తిరుగు బస్సు టైము చూసుకోకుండా వెళ్లకండి, ఆరు మైళ్లు వానలో నడిచిన అనుభవంతో చెబుతున్నాను. ఆ ప్రాంతంలో మొదట చీజ్ చేసింది సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసులు, అదీ గొర్రెపాలతో. 1992లో యజమానులు హాస్‌లో చీజ్ చేసే క్రీమరీ మూసేసి తయారీని పక్కనున్న లాంకషర్‌కి మార్చారు. ఆత్రేయపురంవాళ్లకు "మీ పూతరేకులు ఇక వేరే జిల్లాలో చుడతాం" అని చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొద్ది నెలల్లోనే అక్కడి పాత మేనేజర్లు కొనుక్కుని మళ్లీ తెరిచారు. పొడిపొడిగా, కాస్త పుల్లగా ఉండే ఈ చీజ్‌ని ఇక్కడివాళ్లు ఫ్రూట్ కేకుతో తింటారు. మొదట నేనూ మొహం చిట్లించాను. శాకాహారులు ఏ చీజ్ కొన్నా రెనెట్ (పాలు గడ్డకట్టడానికి వేసేది) చూసుకోవాలి. దూడ కడుపులోంచి తీసేదా, కాదా అన్నది లేబుల్ మీద లేకపోతే అడగండి. మళ్లీ అదే మాట, అడగండి.

బీరు తాగేవాళ్లకు మాషమ్. 1827 నాటి థీక్‌స్టన్ బ్రూవరీ అక్కడిదే. ఆ కుటుంబంలోని ఒకాయన బయటికొచ్చి 1992లో అదే ఊళ్లో ఇంకోటి పెట్టాడు, పేరు బ్లాక్ షీప్. పీపాల్లో వచ్చే బీరును తేటగా చేయడానికి చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడటం పాత అలవాటు. చేప అలర్జీ పదార్థమే అయినా, ఈ వాడకానికి మినహాయింపు ఉంది గనక లేబుల్ మీద కనిపించదు. కొందరు మానేశారు, కొందరు మానలేదు. పాతికేళ్లలోపు కనిపించినా ఐడీ అడుగుతారు. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకు తిరగకుండా ప్రొవిజనల్ (లెర్నర్) డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోండి.

మిగతావి మీరే కనుక్కుంటారు. మాల్టన్‌లో సాధారణంగా నెలలో రెండో శనివారం ఫుడ్ మార్కెట్. విట్బీలో శుభ్రం చేసి డిప్పలో పెట్టిచ్చే పీతలు. షెఫీల్డ్‌లో 1885 నుంచి చేస్తున్న హెండర్సన్స్ రెలిష్ అనే సాస్ ఒక సీసా ఇంట్లో ఉంచుకోండి. ఊస్టర్ సాస్‌లో ఉండే చేప ఇందులో ఉండదు, చింతపండు ఉంటుంది. ఉప్మా మీద వేసుకుని చూడండి, తర్వాత నన్ను తిట్టినా సరే. ఫార్మ్ దగ్గర మెషీన్లో పట్టుకునే పచ్చిపాలు మాత్రం కాచకుండా తాగకండి. మనవాళ్లకు ఈ మాట చెప్పాలా?

అడగడానికి మొహమాటం, అదీ అసలు సమస్య. మన ఇంగ్లీషుకి నవ్వుతారేమో, వెనక వరస ఆగిపోతుందేమో అని. నేను రెండు నెలలు అందుకే అడగలేదు. "వాట్ డు యు ఫ్రై ఇన్?" అంతే, ఐదు ముక్కలు. సరే, ఒప్పుకుంటాను, ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి ఒక్కరూ విసుక్కోలేదు. చీజ్ కొట్లో రెనెట్ గురించి అడిగితే ఒకాయన కౌంటర్ వదిలి వచ్చి నాలుగు రకాలు కోసి రుచి చూపించాడు. తాము చేసేదాని గురించి అడిగితే ఇక్కడివాళ్లు ఆగకుండా చెబుతారు. మీకు ఆ యాస అర్థం కావడమే కొంచెం ఆలస్యం.

ఖమ్మం అబ్బాయి నిన్న మెసేజ్ పెట్టాడు. నూనెలో వేయించే షాపు దొరికిందట, రెండు బస్సులు మారాలట. శనివారం రమ్మన్నాడు. వెళ్తున్నాను.