వరద గోదారి గట్టు: మూడో పాఠం - ముందు గరుకు, తర్వాత రంగు

అక్రిలిక్ రంగులతో వేస్తున్న ఈ గోదారి గట్టు బొమ్మ కోసం పోయిన పాఠంలో ఎండీఎఫ్ చెక్కకి (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) ముందు వైపు, వెనక వైపు, అంచులకి కూడా గెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్లటి పూత) పూశాం. మన కోనసీమ తేమకి అంచులు వదిలేస్తే చెక్క ఉబ్బిపోతుంది. దాని మీద పెన్సిల్‌తో పైన ఆకాశం, అవతలి ఒడ్డున కొబ్బరితోటల వరస, మధ్యలో వశిష్ఠ పాయ, ముందు మనం నిలబడ్డ ఏటిగట్టు గీసుకున్నాం.

మోడలింగ్ పేస్ట్ (బొమ్మ మీద ఎత్తు, గరుకు తెచ్చే చిక్కటి ముద్ద) డబ్బా మూత తీయగానే బొమ్మంతా పులిమేయాలనిపిస్తుంది. వద్దు. మనది చదును నేల. ధవళేశ్వరం దిగువన దూరం చూపించడానికి వెనకాల కొండలు ఉండవు. కాళ్ల దగ్గర గరుకు, పోనుపోను నునుపు అన్న పద్ధతిలోనే ఇక్కడ దూరం తెలుస్తుంది. నీటి మీద, ఆకాశం మీద పేస్ట్ అసలు పడనివ్వకండి. గట్టు ఎంత గరుగ్గా ఉంటే పక్కన నీళ్లు అంత నున్నగా కనిపిస్తాయి.

గట్టు కోసం పేస్ట్‌లో కాస్త గోదారి ఇసుక కలపండి. ముందు ఇసుకని నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, బాగా ఆరబెట్టి, జల్లించాలి. అంతర్వేది వైపు సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, దాని జోలికి పోకండి. కలిపిన ముద్ద గారెల పిండిలా పాలెట్ నైఫ్ (రంగులు కలిపే మొద్దు కత్తి) మీద నిలవాలి. దాంతోనే రెండు మూడు మిల్లీమీటర్ల మందానికి మించకుండా, గట్టు వాలు ఎటుంటే అటు లాగండి. ఇంకా ఎత్తు కావాలంటే ఇది ఆరాక ఇంకో పొర వేయండి. ఒకేసారి మందంగా వేసి ఎండలో పెడితే పైన తోలు కట్టి పగులుతుంది. వర్షాకాలంలో ఒక రాత్రి సరిపోదు. గోటితో నొక్కితే గుంట పడుతోందంటే ఇంకా ఆరలేదన్న మాట, ఆగండి.

నీటి అంచున గడ్డికి కొబ్బరి పీచు నాలుగు పోగులు చాలు. పచ్చి పీచు గోధుమరంగు కక్కుతుంది కాబట్టి రెండు మూడు నీళ్లలో నానబెట్టి కడగాలి. ఆరాక జెల్ మీడియంలో (రంగు లేని చిక్కటి అక్రిలిక్ జిగురు) పూర్తిగా ముంచి అతికించండి. పైపైన అంటిస్తే తేమ లాగి బూజు పడుతుంది.

ఇప్పుడు రంగు. ఫ్లూయిడ్ అక్రిలిక్ (పోస్తే పారే అక్రిలిక్ రంగు) పల్చగా ఉంది కదా అని అందులో రంగు తక్కువ అనుకోకండి. మంచి రకంలో రంగుపొడి చిక్కటి ట్యూబ్ రంగులో ఉన్నంతా ఉంటుంది. ఇంకా పల్చన కావాలంటే ఎక్కువ నీళ్లు పోయకుండా మీడియం (రంగు లేని అక్రిలిక్ జిగురు) కలపండి. నీళ్లు ఎక్కువైతే రంగుని పట్టి ఉంచే జిగురు బలహీనపడుతుంది.

ఇక్కడొక కిటుకు ఉంది. ఆరిన మోడలింగ్ పేస్ట్ రంగుని పీల్చేస్తుంది. అలాగే వదిలేసి రంగు పూస్తే మిట్టలూ గుంటలూ ఒకే రకంగా తడిసి, పడ్డ కష్టమంతా కనపడకుండా పోతుంది. అందుకే ముందు మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే రకం) ఒక పూత వేసి ఆరనివ్వండి. తర్వాత బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) పల్చగా గట్టంతా పారించి, నిమిషం లోపే తడిగుడ్డతో పైపైన తుడవండి. గుంటల్లో రంగు నిలుస్తుంది, మిట్టలు తెల్లగా తేలతాయి. ఇసుక రేణువు రేణువు చుట్టూ సన్నని నల్లటి గీత కనిపిస్తుంది చూడండి! నాకు ఈ పని మొత్తంలో ఇంతకంటే ఇష్టమైన ఘడియ లేదు. అది ఆరాక ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) పల్చగా ఒక పొర వేస్తే తడి ఒండ్రు మట్టి గట్టు వచ్చేస్తుంది.

నీళ్లకి నీలం సీసా తీయకండి. వరద రోజుల్లో గోదారి ఎర్రగా ఉంటుంది. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఎల్లో ఓకర్, కొంచెం టైటానియం వైట్ చాలు. పాయ భాగాన్ని స్ప్రేతో తడిపి, రంగులు పక్కపక్కన పోసి, చెక్కని ఎడమకీ కుడికీ మాత్రమే వంచండి. నిలువుగా వంచితే చారలు కిందికి జారి, నది కాస్తా జలపాతం అవుతుంది. తడి అక్రిలిక్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది, అందుకే మీ కంటికి సరైనదానికన్నా కాస్త లేతగా కలుపుకోండి.

అవతలి తోటల వరస మీద ముదురాకుపచ్చ తడిగా ఉండగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు మూడు చుక్కలు సన్న కుంచెతో వేయండి. రంగు విచ్చుకుని, మట్టల సందున వెలుతురు పడ్డట్టు గుండ్రటి ఖాళీలు వస్తాయి. ఆ ఆల్కహాల్‌కి త్వరగా నిప్పంటుకుంటుంది, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి.

ఆకాశం ఇప్పుడే వేయకండి. నీటి రంగు పూర్తిగా ఆరి ఏ ఛాయ తేలిందో చూశాకే దాని రంగు తేల్చుకోవాలి. వచ్చే పాఠం దానితోనే మొదలుపెడదాం, టిష్యూ పేపరుతో కొబ్బరి మాను గణుపులు కూడా అప్పుడే. ఈలోగా చెక్కని నీడలో, గాలి తగిలేచోట, పడుకోబెట్టే ఉంచండి.